చిన్న చిన్న టెన్షన్లే ఎందుకు కుంగదీస్తాయి, ఎలాంటి తోడు పనిచేస్తుంది

క్లుప్తంగా: కష్టం ఎంత పెద్దదన్న దానికంటే, శరీరం ఆ కంగారు నుంచి తిరిగి మామూలు స్థితికి వస్తోందా లేదా అన్నదాని మీదే రోజువారీ ఒత్తిడి చేసే హాని ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. మన చేతిలో ఉన్న సమస్యకు ఒక దారి, చేతిలో లేనిదానికి ఇంకో దారి. పక్కవాళ్ల సాయానికీ ఇదే లెక్క. కావలసింది ఒకటై అందేది మరొకటైతే ఆ సాయమే భారమవుతుంది. దిగులు, నిద్రలేమి, ఆందోళన రెండు వారాలు దాటి రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే నిపుణులను కలవడం అవసరం.

ఒత్తిడి గురించి వినిపించే సలహాల్లో సగం మిగతా సగాన్ని కొట్టిపారేస్తుంటాయి. మనసు విప్పి చెప్పుకోమని ఒకరంటారు. అదే పనిగా తలచుకుంటే ఇంకా పెరుగుతుందని మరొకరంటారు. ఎదురు నిలబడమనేవాళ్లు కొందరు, వదిలెయ్యమనేవాళ్లు కొందరు. ఫోన్ తెరిస్తే ఊపిరి పీల్చే పద్ధతి దగ్గర్నుంచి చన్నీటి స్నానం దాకా రోజుకో చిట్కా కనిపిస్తుంది. వీటిలో చాలావాటి వెనక ఎంతో కొంత పరిశోధన ఉన్న మాట నిజమే. ఏ సలహా ఎప్పుడు పనికొస్తుందో, ఎప్పుడు ఎదురు తిరుగుతుందో చెప్పేవాళ్లే తక్కువ. గందరగోళమంతా అక్కడే మొదలవుతోంది.

## రాత్రి పదింటికి వచ్చిన మెసేజ్

పడుకోబోయే వేళ పై అధికారి నుంచి ఒక మెసేజ్ వచ్చిందనుకుందాం. "రేపు పొద్దున్నే ఒకసారి మాట్లాడాలి." అంతే, ఎందుకో లేదు. చదివిన క్షణాల్లోనే మెదడు నుంచి నరాల ద్వారా కబురు వెళ్లి, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, అరచేతులకు చెమట పడుతుంది. ఆపద ఎదురైనప్పుడు పోరాడటానికో పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధమవుతుందని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించాడు.

రెండో దశ కాస్త నెమ్మదిగా నడుస్తుంది. మెదడులోని హైపోథలామస్ పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథుల పైపొరకు హార్మోన్ల ద్వారా సంకేతాలు పంపిస్తే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ విడుదలవుతుంది. అది పతాక స్థాయికి చేరడానికి సుమారు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంటే మెసేజ్ చూసి ఫోన్ పక్కన పెట్టేసిన తర్వాత కూడా శరీరంలో అసలు హడావిడి ఇంకా పెరుగుతూనే ఉంటుంది. "ఇప్పటికీ కుదుటపడలేదేంటి, నాలోనే ఏదో లోపం ఉందేమో" అని అప్పుడు కలిగే అనుమానానికి అర్థం లేదు. హార్మోన్ దాని సమయం అది తీసుకుంటుంది.

మామూలుగా ఈ వ్యవస్థ తనను తానే ఆపుకుంటుంది. కార్టిసాల్ పెరిగిందన్న సంగతి మెదడుకు తెలియగానే కొత్త సంకేతాలు తగ్గిపోతాయి. ట్యాంకు నిండగానే నీళ్ల మోటారు ఆగిపోయే ఏర్పాటు లాంటిదే ఇది. కానీ ఆ రాత్రంతా "ఉద్యోగం తీసేస్తారా? మొన్నటి రిపోర్టులో తప్పు దొర్లిందా?" అని మనసు తిరగేసుకుంటూ ఉంటే మోటారు ఆగదు. ఊహించుకున్న ఆపదకు కూడా శరీరం ఇదే తరహాలో స్పందిస్తుంది. పొద్దున జరిగే పది నిమిషాల మాటకు రాత్రంతా ఒళ్లు మూల్యం చెల్లిస్తుంది.

ఒత్తిడి మీద తొలి ప్రయోగాలు చేసిన హాన్స్ సెల్యే 1936లో, ఎలుకలకు రకరకాల హాని కలిగించినా వాటి శరీరాల్లో ఒకే తరహా మార్పులు వస్తున్నాయని గుర్తించాడు. మొదట అలజడి, తర్వాత తట్టుకోవడం, చివరికి అలసిపోవడం. ఈ అలసట పోగుపడటాన్ని బ్రూస్ మెక్‌ఈవెన్ 1993 తర్వాత మరింత వివరంగా అధ్యయనం చేశాడు. స్పందన తరచుగా రావడం ఒక ఇబ్బంది, వచ్చిన స్పందన సమయానికి ఆగకపోవడం ఇంకో ఇబ్బంది. రక్తపోటు, నిద్ర, జీర్ణశక్తి, రోగనిరోధక శక్తి, అన్నిటి మీదా దీని ప్రభావం పడుతుంది. షెల్డన్ కోహెన్ బృందం 1991లో ప్రచురించిన ఒక ప్రయోగంలో దాదాపు 400 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ ఉన్న చుక్కలు వేశారు. అంతకుముందే ఒత్తిడి ఎక్కువగా ఉందని చెప్పినవాళ్లలో ఇన్ఫెక్షన్, జలుబు ఎక్కువగా కనిపించాయి.

## పెద్ద కష్టాలా, చిన్న చికాకులా?

1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు జీవితంలో వచ్చే మార్పులకు మార్కులు వేశారు. వాళ్ల జాబితాలో 43 సంఘటనలున్నాయి. జీవిత భాగస్వామి మరణానికి 100, విడాకులకు 73, పెళ్లికి 50. సంతోషకరమైన మార్పు కూడా మార్పే కాబట్టి పెళ్లికీ చోటు దక్కింది. ఏడాదిలో మార్కులు ఎంత పెరిగితే జబ్బుపడే అవకాశం అంత ఎక్కువని వాళ్ల వాదన.

1981లో రిచర్డ్ లాజరస్ బృందం దీన్ని ఇంకో వైపు నుంచి చూసింది. వస్తువులు కనిపించకపోవడం, సమయం చాలకపోవడం, ఇంటి పనులు మిగిలిపోవడం, బరువు గురించిన బెంగ వంటి రోజువారీ చికాకులను నెలల తరబడి నమోదు చేయించింది. మానసిక ఇబ్బందులను అంచనా వేయడంలో పెద్ద సంఘటనల జాబితా కంటే ఈ చికాకుల జాబితాయే మెరుగ్గా పనిచేసింది.

ఇది వింతగా అనిపించినా కారణం ఊహించడం కష్టం కాదు. ఇంట్లో ఎవరైనా పోతే నలుగురూ వస్తారు. సెలవు ఇస్తారు. కన్నీళ్లు పెట్టుకున్నా ఎవరూ తప్పుపట్టరు. రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లను, రాత్రిపూట రెండుసార్లు లేచి మంచంలో ఉన్న పెద్దవాళ్లను చూసుకునేవాళ్లను పరామర్శించడానికి ఎవరూ రారు. "ఇంత చిన్నదానికి కూడానా" అన్న మాట బయటివాళ్ల నుంచే రానక్కర్లేదు, అది మనసులోనే తయారుగా ఉంటుంది. పైగా పెద్ద కష్టాల్లో చాలావాటి హాని చికాకుల రూపంలోనే రోజూ ఇంట్లోకి వస్తుంది. విడాకుల తర్వాత బిడ్డను బడి నుంచి తీసుకొచ్చేదెవరు, బిల్లు కట్టేదెవరు అన్న లెక్కలు ఏళ్ల తరబడి నడుస్తాయి.

## అదుపు ఉందా, లేదా

ఒకే పరిస్థితి ఇద్దరిని ఒకేలా తాకదు. దీనికి లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో ఇచ్చిన వివరణ ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. మనసు వెంటవెంటనే రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. దీనివల్ల నాకేమైనా నష్టమా? నష్టమైతే తట్టుకోవడానికి నా దగ్గర ఏముంది? రెండో ప్రశ్నకు "ఏమీ లేదు" అన్న జవాబు వచ్చినప్పుడు ఒత్తిడి ముదురుతుంది.

ఈ "నా దగ్గర ఏముంది" అన్నది ఎంత బలమైనదో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ 1960ల చివర్లో చేసిన ప్రయోగాలు చూపించాయి. కొందరికి చెవులు చిల్లులుపడేలా, ఎప్పుడొస్తుందో తెలియని మోత వినిపించారు. వాళ్లలో ఒక వర్గానికి మాత్రం ఒక బటన్ ఇచ్చి, నొక్కితే మోత ఆగుతుంది, కానీ వీలైతే నొక్కకండి అని చెప్పారు. వాళ్లు దాదాపుగా నొక్కలేదు. అయినా తర్వాత ఇచ్చిన కష్టమైన పజిళ్లతో వాళ్లే ఎక్కువసేపు ఓపికగా కుస్తీ పట్టారు. మోత ఇద్దరికీ ఒకటే. కావాలంటే ఆపగలం అన్న భరోసా ఒక్కటే తేడా.

ఉద్యోగాల్లోనూ ఇదే కనిపిస్తుంది. పని భారం ఎక్కువై, నిర్ణయాధికారం తక్కువైన ఉద్యోగాలే మనిషిని ఎక్కువగా నలగ్గొడతాయని రాబర్ట్ కారసెక్ 1979లో ప్రతిపాదించాడు. బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ అధ్యయనాల్లో గుండె జబ్బు మరణాలు పై అధికారుల్లో కంటే కింది స్థాయి ఉద్యోగుల్లోనే ఎక్కువగా తేలాయి. తర్వాతి విడతలో, పని మీద అదుపు తక్కువగా ఉండటం అందులో ఒక ముఖ్యమైన అంశంగా బయటపడింది. బాధ్యతలు ఎక్కువున్న పెద్ద బాస్‌కే టెన్షన్ ఎక్కువన్న నమ్మకానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఇద్దరు చేయాల్సిన పని ఒకరి నెత్తిన పెట్టి, ఆ ఒక్కరికీ ధ్యానం యాప్ ఉచితంగా ఇచ్చే సంస్థలు ఈ ఫలితాలను ఒకసారి చూడటం మంచిది.

దీన్నుంచి తేలే ఆచరణ విషయం ఒకటుంది. మార్చగలిగిన పరిస్థితికి ప్రణాళిక, చర్చ, నేర్చుకోవడం వంటి సమస్య మీద దృష్టి పెట్టే పద్ధతులు సరిపోతాయి. మార్చలేనిదానికి మనసును కుదుటపరిచే పద్ధతులే దారి. పరీక్షకు ముందు వారం టైంటేబుల్ వేసుకోవడం తెలివైన పని. పరీక్ష రాసేసి ఫలితాల కోసం చూస్తున్నప్పుడు రాసిన జవాబులన్నీ మళ్లీ మళ్లీ సరిచూసుకుంటే ఒక్క మార్కూ పెరగదు, నిద్ర మాత్రం పోతుంది. దీనికి తలకిందులు కూడా జరుగుతుంది. అప్పు వాయిదా గడువు దాటుతుంటే బ్యాంకుకు ఫోన్ చేయకుండా పాటలు వింటూ "రిలాక్స్" అవడం ఆ రాత్రికి హాయినిస్తుంది, వచ్చే నెల వడ్డీతో సహా తిరిగొస్తుంది.

చాలా కష్టాలు ఈ రెంటి కలగలుపే. అమ్మకు వచ్చిన జబ్బును తగ్గించడం బిడ్డల చేతిలో లేదు, ఆసుపత్రికి ఎవరెప్పుడు తోడు వెళ్లాలో నిర్ణయించుకోవడం మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది. రెండిటినీ విడదీసి చూసుకోవడంతోనే కొంత భారం దిగుతుంది.

## అప్పటికప్పుడు పనిచేసేవి

ఊపిరి పద్ధతుల వెనక సులువైన సూత్రం ఉంది. గాలి పీల్చేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. అందుకే పీల్చినదానికంటే వదిలే సమయం ఎక్కువగా ఉండేలా కొన్ని నిమిషాలు నెమ్మదిగా శ్వాసిస్తే దడ తగ్గుతుంది. నడక, వ్యాయామం, నిద్ర గురించి అందరికీ తెలిసిందే. కాఫీ గురించి ఒక్క మాట: కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సగటున ఐదు గంటల దాకా పడుతుంది. సాయంత్రం అలసట పోవడానికి తాగినది రాత్రి నిద్రను తినేస్తుంది, ఆ నిద్రలేమి మర్నాడు ఇంకో కప్పు అడుగుతుంది. మద్యం త్వరగా మగత తెప్పిస్తుంది కానీ అర్ధరాత్రి దాటాక నిద్రను ముక్కలు చేస్తుంది.

కోపమంతా ఒకసారి వెళ్లగక్కేస్తే చల్లారుతుందన్న నమ్మకం మాత్రం పరీక్షకు నిలబడలేదు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ ప్రచురించిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవాళ్లకు కోపం ఇంకా పెరిగింది. ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్లే కాస్త నయం.

## తోడు ఎలా పనిచేస్తుంది

పక్కన మనిషి ఉండటం మాటల్లో చెప్పే ఓదార్పుగానే మిగిలిపోదు, మెదడులోనూ కనిపిస్తుంది. 2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహిత స్త్రీలకు చిన్న కరెంటు షాక్ తగలవచ్చని చెప్పి, ఎంఆర్ఐ స్కానర్‌లో వాళ్ల మెదళ్లను పరిశీలించింది. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు ఆపదకు స్పందించే భాగాల్లో చురుకు బాగా తగ్గింది. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకున్నా కొంత తగ్గింది. దాంపత్యం బాగున్నవాళ్లలో ఈ ప్రభావం మరింత బలంగా ఉంది.

షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ 1985లో చేసిన సమీక్షలో తోడు రెండు రకాలుగా మేలు చేస్తుందని తేల్చారు. నలుగురితో కలిసి ఉండటం కష్టం ఉన్నా లేకపోయినా మంచిదే. అవసరమైతే ఆదుకునేవాళ్లు ఉన్నారన్న నమ్మకం మాత్రం ప్రత్యేకంగా కష్టకాలంలో దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. ఇక్కడ నమ్మకమే ముఖ్యం. గ్లాస్, సింగర్ ఇచ్చిన బటన్ లాగే, ఆ మనుషులను నిజంగా పిలవాల్సిన పని పడకపోయినా ప్రయోజనం ఉంటుంది.

అయితే అందిన సాయమంతా మేలు చేస్తుందనుకోవడం పొరపాటు. ఈ సంభాషణ ఎన్నో ఇళ్లలో జరిగేదే:

"ఆఫీసులో నరకంగా ఉంది అక్కా."

"మానెయ్‌రా. ఇంకో ఉద్యోగం దొరకదా ఏంటి?"

"అంత తేలికా? లోన్ ఉంది కదా..."

"మరి సర్దుకో. ఎవరికి లేవు కష్టాలు?"

అక్క మనసులో ప్రేమే ఉంది. నాలుగు మాటల్లో రెండు సలహాలిచ్చింది కూడా. తమ్ముడికి మాత్రం ఇంకోసారి చెప్పకూడదనిపిస్తుంది. అతనికి ఆ క్షణంలో కావలసింది వినే చెవి, అందింది పరిష్కారం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత ఇలాంటి చోట్లే పుట్టి ఉంటుంది. "ఏం జరిగిందిరా?" అని అడిగి ఐదు నిమిషాలు ఊరుకుంటే, ఆ తర్వాత అవే సలహాలు వేరేలా వినిపించేవి.

తలకిందుల పొరపాటూ ఉంది. జ్వరంతో పడుకున్న బిడ్డ ఒకవైపు, గడువు దగ్గరపడిన పని ఒకవైపు ఉన్న తల్లికి "నువ్వు చాలా బలమైనదానివి" అన్న మెచ్చుకోలు ఎందుకూ కొరగాదు. మధ్యాహ్నం రెండు గంటలు బిడ్డ దగ్గర కూర్చునే మనిషి కావాలి. ఓదార్పు, సమాచారం, చేతిసాయం, డబ్బు, ఊరికే కాసేపు కలిసి కూర్చోవడం వేటికవే. ఒకటి ఇంకోదాని లోటు తీర్చలేదు. సామాన్యంగా చూస్తే, చేతిలో ఉన్న సమస్యకు సమాచారం, చేతిసాయం పనికొస్తాయి. చేతిలో లేనిదానికి వినే మనిషి పనికొస్తాడు.

సాయం అందుకోవడంలోనూ ఒక ఇరకాటం ఉంది. నియాల్ బోల్జర్ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనంలో, న్యూయార్క్‌లో లాయర్ల అర్హత పరీక్షకు చదువుతున్నవాళ్లూ వాళ్ల భాగస్వాములూ రోజూ డైరీలు రాశారు. "ఈరోజు నాకు సాయం అందింది" అని రాసుకున్న రోజుల తర్వాత పరీక్ష రాసేవాళ్లలో దిగులు పెరిగింది. భాగస్వామి సాయం చేశానని రాసి, అవతలివాళ్లు దాన్ని గమనించని సందర్భాలే అన్నిటికంటే బాగా పనిచేశాయి. సాయం కంటపడితే "నా వల్ల కావడం లేదన్నమాట" అన్న భావన, రుణపడ్డామన్న భావన దాంతోపాటే వస్తాయి. మాట్లాడకుండా గిన్నెలు కడిగి పెట్టేసిన మనిషి, "నీకోసం ఇవాళ గిన్నెలు నేనే కడిగాను చూడు" అన్న మనిషి కంటే ఎక్కువ సాయం చేసినట్టు.

ఇక మనసు విప్పి చెప్పుకోవడం. ఇద్దరు స్నేహితులు ఒకే బాధను రోజూ తిరగదోడుతూ ఉంటే ఏమవుతుందో అమాండా రోజ్ 2002లో పిల్లల్లో, టీనేజర్లలో పరిశీలించింది. అలాంటి జంటల మధ్య స్నేహం గాఢంగా ఉంది. దాంతోపాటు దిగులు, ఆందోళన కూడా ఎక్కువగా ఉన్నాయి. ఇలా తిరగదోడే అలవాటు ఆడపిల్లల్లో మరింత ఎక్కువగా కనిపించింది. చెప్పుకోమనేవాళ్లకూ, తలచుకోవద్దనేవాళ్లకూ మధ్య తగవు ఇక్కడ చాలావరకు తీరుతుంది. చెప్పుకున్న తర్వాత విషయం కాస్తయినా ముందుకు కదిలితే, కొత్త కోణమో తర్వాతి అడుగో కనిపిస్తే, చెప్పుకోవడం పనిచేస్తున్నట్టు. పదోసారి కూడా మొదటిసారిలాగే అదే చోట ఆగిపోతే ఇద్దరూ కలిసి ఒత్తిడి మోటారును ఆగకుండా నడిపిస్తున్నట్టే.

## అడగడానికి నోరెందుకు రాదు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అయినా అడగడం కష్టం. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా బాన్స్ 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో, అపరిచితులను చిన్న సాయాలు అడగడానికి వెళ్లేముందు ఎంతమంది ఒప్పుకుంటారో అంచనా వేయమన్నారు. జనం ఒప్పుకునే అవకాశాన్ని దాదాపు సగానికి సగం తక్కువ చేసి చూశారు. అడిగేవాళ్లు అవతలివాళ్ల శ్రమ గురించే ఆలోచిస్తారు. మొహం మీద కాదనడం ఎంత ఇబ్బందో వాళ్లకు తట్టదు.

లోకువ అవుతామన్న భయం, విషయం నలుగురి నోళ్లలో పడుతుందన్న భయం, "వాళ్లకే బోలెడు గొడవలు" అన్న మొహమాటం కూడా తోడవుతాయి. రెండో భయం నిరాధారమేమీ కాదు, కాబట్టి ఎవరికి ఏది చెప్పాలో ఎంచుకోవడం తప్పేం కాదు. ఇంటి సంగతి బాగా వినే మనిషికి డబ్బు విషయం తెలియకపోవచ్చు. అన్నీ ఒక్కరిలోనే వెతికితే ఆ ఒక్కరూ అలసిపోతారు.

అడిగే తీరులో కూడా తేడా ఉంది. "నాకు ఏమీ బాగోలేదు" అంటే అవతలివాళ్లకు ఏం చేయాలో తెలియదు, కంగారులో సలహా ఇచ్చేస్తారు. "ఒక పావుగంట వింటావా? సలహా వద్దు, వింటే చాలు" అన్నా, "గురువారం అమ్మతో ఆసుపత్రికి నువ్వు వెళ్లగలవా?" అన్నా ఒప్పుకోవడం తేలికవుతుంది. వినేవాళ్ల వైపు నుంచి కూడా "ఏదైనా కావాలంటే చెప్పు" అన్న మర్యాద మాట కంటే "వినమంటావా, ఏదైనా ఆలోచిద్దామా?" అన్న ప్రశ్న మేలు.

## నిపుణుల దగ్గరకు ఎప్పుడు

ఒత్తిడి సాధారణంగా కారణంతోపాటు తగ్గుతుంది. గడువు దాటాక, గొడవ సర్దుకున్నాక కూడా దిగులు రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాల పాటు ఉంటే, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోతే అది డిప్రెషన్ కావచ్చు. నిద్ర, ఆకలి బాగా మారిపోవడం, కారణం లేకుండా భయం ముంచుకురావడం, మద్యం లేనిదే సాయంత్రం గడవకపోవడం కూడా గమనించాల్సినవే. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాల లెక్క వర్తించదు. అదే రోజు డాక్టర్‌కో, హెల్ప్‌లైన్‌కో, పక్కనున్న మనిషికో చెప్పాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. గుండె దడ, ఆయాసం, బరువు తగ్గడం వంటివి థైరాయిడ్, గుండె జబ్బుల్లోనూ వస్తాయి కాబట్టి మామూలు డాక్టర్‌తో మొదలుపెట్టినా తప్పులేదు.

ఎవరు ఏం చేస్తారన్న అయోమయం చాలామందికి ఉంటుంది. సైకియాట్రిస్ట్ వైద్యుడు, జబ్బును నిర్ధారించి అవసరమైతే మందులు రాస్తాడు. సైకాలజిస్టులు, కౌన్సెలర్లు ప్రధానంగా మాటల ద్వారా పనిచేస్తారు. ప్రతి ఇబ్బందికీ పెద్ద డిగ్రీలున్న మనిషే అక్కర్లేదు కూడా. జింబాబ్వే రాజధాని హరారేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో మొదలుపెట్టిన కార్యక్రమంలో, శిక్షణ పొందిన నానమ్మల వయసు స్త్రీలు ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడతారు. ముందు చెప్పేదంతా వింటారు. తర్వాత ఉన్న సమస్యల్లోంచి ఒక్కదాన్ని ఎంచుకోమని, దానికి ఏం చేయవచ్చో వాళ్లచేతే చెప్పిస్తారు. 2016లో ప్రచురితమైన పరీక్షలో, మామూలు వైద్యం అందినవాళ్ల కంటే ఇక్కడికి వచ్చినవాళ్లలో ఆరు నెలల తర్వాత లక్షణాలు తక్కువగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే తరహాలో, శిక్షణ పొందిన మామూలు మనుషులు ఐదు విడతల్లో నడిపే పద్ధతిని రూపొందించింది.

మొదటిసారి కౌన్సెలర్‌ను కలిసినప్పుడు ఎక్కువ భాగం ప్రశ్నలే ఉంటాయి: ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరు, ఇంతకుముందు ఇలా జరిగిందా. చెప్పిన విషయాలు గోప్యంగా ఉంటాయి, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకు మినహాయింపు ఉంటుంది. ఆ హద్దులేమిటో మొదట్లోనే అడగవచ్చు. ఒక్కసారికే తేలికపడాలని లేదు, తేలికపడకపోతే వైద్యం పనికిరానట్టూ కాదు. అయితే నాలుగైదుసార్లు కలిసినా తన మాట వింటున్నారన్న నమ్మకం కుదరకపోతే ఆ సంగతి వాళ్లకే చెప్పవచ్చు, మనిషిని మార్చుకోవచ్చు. చికిత్స చేసేవాళ్లకూ చేయించుకునేవాళ్లకూ మధ్య కుదిరే పొత్తుకూ ఫలితానికీ సంబంధం ఉందని అనేక అధ్యయనాల్లో తేలింది. అలాంటి మాట వినడం నిపుణులకు కొత్తేమీ కాదు, వాళ్లే ఇంకొకరి పేరు సూచిస్తారు.